ఖాకీ దారం

"ఆ ఏడు పేర్లూ చెప్పింది మీరే కదండీ?"

సారా తల తిప్పకుండానే అడిగింది. ఆమె చేతిలో దువ్వెన ఉంది. ముందు పీట మీద ధనమ్మ కూర్చుంది. ధనమ్మ కుడి చెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా సిమెంటు కట్టులో ఉంది. తన జడ తను వేసుకోలేదు కాబట్టి, ఆదివారం చర్చి అయిపోగానే సారా రేపల్లెలోని ధనమ్మ ఇంటికి వచ్చి వేసి వెళుతోంది.

డిటెక్టివ్ ప్రకాశరావు ఏళ్ల తరబడి జనాన్ని ప్రశ్నలడిగి బతుకుతున్న మనిషి. జవాబు లేనివాడు ఎలా గుటక మింగుతాడో అతనికి తెలిసినంతగా గుంటూరు జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు ఆ గుటక అతనే మింగాడు.

"నేనే చెప్పానమ్మా."

"ఎందుకు చెప్పారండి?"

"గుడ్డ దొంగతనం జరుగుతోందన్నారు. నమ్మాను."

చెప్పుకోవడానికి అంతకన్నా గొప్ప కారణం అతని దగ్గర లేదు. తెనాలిలో శ్రీరంగా రెడీమేడ్స్ అని బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఉంది. స్కూలు పిల్లల చొక్కాలు, నిక్కర్లు కుట్టి నాలుగు జిల్లాలకు పంపుతుంది. కుట్టేవాళ్లంతా ఆడవాళ్లు. చాలామంది రేపల్లె వైపు నుంచి పొద్దుటి పాసింజరులో వచ్చి, సాయంత్రం పాసింజరులో వెళ్లిపోతారు. ఓనరు రంగనాయకులు బాపట్లలో ఉంటాడు. మాగాణి మీద వచ్చిన డబ్బుతో ఫ్యాక్టరీ పెట్టినవాడు. రెండు వారాల కిందట అతను ప్రకాశరావును ఇంటికి పిలిపించి, "మన గుడ్డ రైల్లో పోతోందండీ. ఆడవాళ్ల పెట్టెలో ఎవరెవరు గుంపుగా కూర్చుంటున్నారో కాస్త కనిపెట్టి చెప్పండి," అన్నాడు.

ప్రకాశరావు కనిపెట్టాడు. ప్రతి స్టేషన్లోనూ దిగి కిటికీల్లోంచి చూశాడు. వెంటపడి ఇళ్లు తెలుసుకున్నాడు. రంగనాయకులు ఇంటి వసారాలో కాఫీ తాగుతూ ఏడుగురి పేర్లూ గడగడా అప్పజెప్పాడు. ఒక్క పేరు దగ్గరైనా తడుముకోలేదని ఆ పూట తనలో తను మురిసిపోయాడు కూడా.

ఆ ఏడుగురూ దొంగలు కారు. యూనియన్ పెట్టుకుంటున్న మనుషులు. ఫ్యాక్టరీలో నోరు విప్పితే మేస్త్రీ వింటాడని, బండి కదిలాక పెట్టెలోనే మీటింగులు పెట్టుకుంటున్నారు. పేర్లు అందిన వారంలోనే ఆరుగురిని గేటు దగ్గర ఆపేసి, రేపటినుంచి రావద్దన్నారు. ధనమ్మ ఆ ఆరుగురిలో ఒకతె. ఆమె ఊరుకోకుండా లేబరాఫీసరు దగ్గరికి వెళ్లొచ్చింది. ఆ మర్నాడే రేపల్లె స్టేషను బయట ఆమె చెయ్యి విరిగింది.

మిగిలిన ఏడో మనిషి రత్తాలు. నాయకురాలు ఆమే. నాయకురాలిని ఊరికే పన్లోంచి తీసేస్తే లేబరాఫీసరు ఎందుకని అడుగుతాడు. కాబట్టి ఆమె కోసం వేరే ఏర్పాటు జరిగింది. శనివారం పొద్దున ఫ్యాక్టరీ తలుపులు తీసేసరికి, కత్తిరింపు గదిలో బల్ల మీద పరిచిన గుడ్డంతా కత్తితో చీల్చేసి ఉందట. ఆ చీలికల కింద రత్తాలు మిషను సామాను ఒకటి దొరికిందట. సాయంత్రానికల్లా బాపట్ల దగ్గర పుట్టింట్లో ఉన్న రత్తాలును పట్టుకొచ్చి లాకప్పులో పెట్టారు. బుధవారం లేబరాఫీసరు విచారణ. మాట్లాడవలసిన మనిషి లోపల ఉంటే మిగిలినవాళ్ల నోళ్లు వాటంతటవే మూతపడతాయి.

రత్తాలు తండ్రి సింగయ్య సూర్యలంకలో సముద్రం మీద బతికే మనిషి. నిన్న పొద్దుగూకే వేళ బాపట్లలో ప్రకాశరావు ఇంటి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు. తిట్టలేదు. "మా అమ్మాయి పేరు మీరే చెప్పారంట గదా బాబూ. మీరే తీసుకురండి," అని లేచి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే ప్రకాశరావు ఆ రాత్రి కాస్త నిద్రపోయి ఉండేవాడు.

"చెయ్యి విరగ్గొట్టినవాళ్లు ఎవరో గుర్తుపట్టగలవా ధనమ్మా?" అన్నాడు ఇప్పుడు.

"ఎరగని మనుషులండి. ఇద్దరు. ఒకడు పొట్టోడు, ఎర్ర బనీను. ఫ్యాక్టరీలో ఎప్పుడూ చూళ్లేదు. ఆళ్లకీ నా మొహం తెలీదు. బండి దిగినాళ్లందర్నీ ఆపి, 'మీలో ధనమ్మెవరే' అన్నారు. నేనేనన్నాను." ధనమ్మ తన కట్టువైపు చూసుకుంది. "కాదంటే పోయేది."

"అలా అడిగి కొట్టారా?"

"ముందు ఎడం చెయ్యి పట్టుకున్నారండి. 'కుట్టేది ఏ చేత్తోనే' అనడిగారు. అది వదిలేసి ఈ చెయ్యి పట్టుకున్నారు."

సారా దువ్వెన ఆగింది. మళ్లీ కదిలింది. ప్రకాశరావుకు అక్కణ్నుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, 'ధనమ్మ, కిటికీ నుంచి మూడో సీటు' అని తను చెప్పిన గొంతు తనకే వినిపిస్తోంది. లేవలేదు. లేచి వెళ్లే హక్కు కూడా లేదనిపించింది.

"రత్తాలు డబ్బా సంగతి చెప్పు సారా. నువ్వూ ఆ ఫ్యాక్టరీలోనే కుడతావు కదా," అన్నాడు.

మిషను కింద దారం చుట్ట పెట్టే చిన్న ఇనప డబ్బాను బాబిన్ కేసు అంటారు. ఫ్యాక్టరీలో అందరూ డబ్బా అనే పిలుస్తారు. ప్రకాశరావుకు ఆ వస్తువు కొత్త కాదు. ఇంట్లో భార్య మిషనుకు బాబిన్లో దారం చుట్టిపెట్టే ఉద్యోగం అతనిదే. కొత్తగా తెలిసింది ఈ ఆడవాళ్ల అలవాటు. పని దిగగానే ఎవరి డబ్బా వాళ్లు ఊడదీసి, కొంగున ముడేసుకుని ఇంటికి పట్టుకుపోతారు. ఇంకొకరి చెయ్యి పడి దాని మర కాస్త తిరిగిందంటే మర్నాడు దారం తెగుతుంది, కుట్టు ముడుచుకుపోతుంది, కుట్టిన చొక్కా తిరిగి మొహాన పడుతుంది.

"గుడ్డ చించుతుంటే కొంగు ముడి ఊడి డబ్బా పడిపోయిందంటున్నారు. దాని మీద చేప బొమ్మ గీసి ఉందట. అది రత్తాలుదేనా?"

"దానిదేనండి. సూదితో అదే గీసుకుంది."

"మరి అక్కడికెలా వచ్చింది?"

సారా ధనమ్మ జుట్టు మూడు పాయలు చేసి పట్టుకుంది.

"నేను చెబితే నా పేరు బయటికొచ్చిద్దా సార్?"

"రాదు. నా నోట రాదు."

"మీ నోటి మీద మాకు నమ్మకం ఎట్టా ఉంటదండి?"

న్యాయమైన ప్రశ్న. అతన్ని ఆదుకున్నది ధనమ్మ.

"చెప్పవే. అవతల రత్తాలు లోపలుంది."

సారా గొంతు తగ్గించింది. "గురువారం అన్నాల బెల్లు కొట్టారండి. అన్నానికి లేచేటప్పుడు డబ్బా మిషన్లోనే ఉంచి పోతాం. తిరిగొచ్చేతలికి రత్తాలు డబ్బా లేదు. మేస్త్రీతో చెబితే, పోగొట్టుకున్నావు ఇంటికి పో అంటాడు. అదే వాళ్లక్కావాల్సింది కూడాను. అందుకని అది కిమ్మనలా. నా దగ్గర ఇంకోటుంది, మా అమ్మ మిషనుది. బల్ల కింద నించి దాని చేతిలో పెట్టాను. గురువారం మాపిటేల నించి శుక్రవారం పని దిగిందాకా దాంతోనే కుట్టింది. దిగాక నాకిచ్చేసింది."

"ఎవరైనా చూశారా?"

"నాకూ దానికీ తప్ప ఎవరికీ తెలీదండి."

అంటే శనివారం గుడ్డ కింద 'దొరికిన' డబ్బా, గురువారం మధ్యాహ్నం నుంచీ ఫ్యాక్టరీ వాళ్ల దగ్గరే ఉంది! ప్రకాశరావు వెన్ను నిటారుగా అయింది. రత్తాలును బయటికి తెచ్చే మాట ఇదొక్కటే. చెప్పగలిగిన మనిషి ఈమె ఒక్కతే.

"నువ్వు యూనియన్లో ఉన్నావా?"

"లేదండి. నేను బళ్లో గుమ్మం దగ్గర కూర్చుంటాను, గాలి కోసం."

ధనమ్మ తల వంచుకుంది. ప్రకాశరావుకు గుర్తొచ్చింది. ప్రతి స్టేషన్లోనూ ఆ పెట్టె గుమ్మంలో గుంపుకు వీపు పెట్టి, ప్లాట్‌ఫారం కేసి చూస్తూ కూర్చునే ఆడమనిషి. నిద్రకళ్ల మనిషని లెక్కలోంచి వదిలేశాడు. తను ఒక్కరినైనా వదిలేసినందుకు ఇప్పుడు సంతోషించాడు.

"విను సారా. తెనాలిలో నాకు తెలిసిన లాయరున్నాడు. ఈ సాయంత్రం అతనింట్లో నీ వాంగ్మూలం రాయిద్దాం. రేపు పొద్దున కోర్టు తెరవగానే నిన్ను మేజిస్ట్రేటు ఎదుట నిలబెడతాడు. ఒకసారి కోర్టులో చెప్పేశాక నీ మీద చెయ్యి వెయ్యడానికి ఎవడైనా జంకుతాడు. అప్పటిదాకా నీ పేరు గాలికి కూడా తెలియకూడదు. సాయంత్రం బండికి రా. తెనాలి స్టేషన్లో నేనుంటాను."

సారా జడ చివర రిబ్బను ముడి వేసింది. తరవాత కొంగు ముడి విప్పి, చిన్న ఇనప డబ్బా తీసి అతని ముందు గచ్చు మీద పెట్టింది. అందులో తెల్ల దారం చుట్టి ఉంది.

"రత్తాలు కుట్టింది దీంతోనేనండి. మీ దగ్గరుంచండి." కొంగు సర్దుకుంది. "వస్తాను. మీరుంటారు గదా అన్నయ్యగారూ?"

అప్పటిదాకా ఎడంగా 'సార్' అంటున్న మనిషి. ఆ కొత్త పిలుపు ప్రకాశరావుకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

"ఉంటానమ్మా," అన్నాడు.

* * *

పొద్దు వాలుతుండగా తెనాలిలో బస్సు దిగి ప్రకాశరావు నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లాడు. కత్తిరింపు గది చూడాలని పొద్దున బాపట్లలో బయల్దేరే ముందే రంగనాయకులుకు ఫోన్ చేశాడు. "దానికేం భాగ్యం! చూసుకోండి. మా సెక్యూరిటీ ఆఫీసరుకి చెబుతాను," అన్నాడు రంగనాయకులు. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడని అనుమానించడం డిటెక్టివ్ అన్నవాడి కనీస ధర్మం. ప్రకాశరావు అనుమానించలేదు. తన మనసు తనను తింటోంది కనక, అవతలివాడి మనసు కూడా అలాగే తింటోందనుకున్నాడు.

సెక్యూరిటీ ఆఫీసరు వెంకటప్పయ్య రిటైరైన ఇన్‌స్పెక్టరు. సర్వీసులో ఉండగా ప్రకాశరావు పట్టిచ్చిన దొంగలను తన ఖాతాలో వేసుకున్న ఘనుడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. పడని మనుషులు కాబట్టే మర్యాదకు లోటుండదు.

"రండి రండి ప్రకాశరావుగారూ! ఆదివారం పూట కూడా మీకు విశ్రాంతి లేదే!"

"మీకుందా?"

"నేను జీతగాణ్నండీ. మీరు ధర్మానికి తిరుగుతున్నారట కదా. సింగయ్య ఏమిస్తాడు మీకు, ఎండు చేపలా?"

ఇద్దరూ కుట్టు హాలులోంచి నడిచారు. ఆదివారం కనక మిషన్లన్నీ ఖాళీ. ప్రతి మిషను నెత్తిన తెల్ల దారం ఉండ ఉంది. గోడ మీద నల్లబల్ల: గురువారం ఉదయం ఖాకీ నిక్కరు, మధ్యాహ్నం నుంచి తెల్ల చొక్కా. ఆ కింద శుక్రవారం కూడా తెల్ల చొక్కాయే.

"రత్తాలు మిషను ఏది?"

"అదిగో, ఆ వరసలో చివరిది. గోడ పక్కన."

కత్తిరింపు గదిలో పొడుగాటి బల్ల మీద తెల్ల గుడ్డ, పొర మీద పొరగా పరిచి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఏటవాలుగా నాలుగు చీలికలు. ప్రకాశరావు చీలికలను చూడలేదు. అంచు పట్టుకుని పై పొరలు ఎత్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మరో పొర ఎత్తాడు.

"ఈ గుడ్డ ఎప్పుడు పరిచారు?"

"శుక్రవారం పని దిగే ముందు. శనివారం పొద్దున కత్తిరించాలని."

"పరిచింది ఎవరు?"

"ఎవరో కత్తిరింపు మనిషి. ఏం?"

"ఇది తడిసి బూజు పట్టిన తాను వెంకటప్పయ్యగారూ. కింది పొర దాకా పసుపు మచ్చలున్నాయి. ఇదిగో, అంచున సుద్దతో ఇంటూ కూడా కొట్టారు. పనికిరాదని పక్కన పడేసిన గుడ్డను చొక్కాల కోసం ఎవడు పరుస్తాడు? చించడానికే పరిచారు. మంచి తాను చించడానికి మీ ఓనరుకి చేతులు రాలేదు."

వెంకటప్పయ్య మొహంలో ఏ మార్పూ లేదు. "చాకలికి వేస్తే పోయే మచ్చలు. పిల్లకాయల చొక్కాలకి అంత పట్టింపేంటండీ? ఇంకేమైనా ఉందా?"

"డబ్బా చూపించండి."

రేపు పోలీసులకు అప్పజెప్పాలంటూనే వెంకటప్పయ్య జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. చిన్న డబ్బా. పైన సూదితో గీసిన చేప. తోక కాస్త వంకర. ప్రకాశరావు వేలితో మూత లేపి బాబిన్ బయటికి లాగాడు.

ఖాకీ దారం.

గెలుపు దగ్గరికొచ్చిందని తెలిసినప్పుడు అతనికి చెవులు వేడెక్కుతాయి. ఇప్పుడు వేడెక్కాయి. హాలులోకి నడిచి నల్లబల్ల ముందు ఆగాడు.

"చదవండి."

"మీరే చదవండి. నాకు కళ్లజోడు మార్చాలి."

"గురువారం మధ్యాహ్నం నుంచి ఈ హాల్లో ఖాకీ దారం ముట్టినవాళ్లు లేరు. రత్తాలు శుక్రవారం ఈ డబ్బాతో చొక్కాలు కుట్టి, దీన్నే కొంగున ముడేసుకుంటే ఇందులో తెల్ల దారం ఉండాలి. ఖాకీ ఉందంటే, ఇది గురువారం మధ్యాహ్నానికి ముందే ఆమె చెయ్యి దాటిపోయింది. ఆమె అన్నానికి లేచినప్పుడు మీ మనిషెవడో ఊడబీకాడు. శుక్రవారం రాత్రి తెచ్చి గుడ్డ కింద పెట్టాడు. బాబిన్ మార్చాలన్న తెలివి లేదు వాడికి. మిషను తొక్కి ఉంటే తెలిసేది!"

వెంకటప్పయ్య చేతులు వెనక్కి కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. పాఠం వింటున్న కుర్రవాడిలా తల కూడా ఆడించాడు.

"బాగుందండీ. చాలా బాగుంది. ఒక్క చిన్న సందేహం."

"అడగండి."

"రత్తాలు శుక్రవారం పని చేసింది. ఆవిడ కుట్టిన చొక్కాలు మేస్త్రీ తీసుకున్నాడు, నేనే చూశాను. డబ్బా గురువారమే పోయిందంటారు. మరి శుక్రవారం దేంతో కుట్టిందండీ? నోటితోనా?"

ఇక్కడ ప్రకాశరావు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఖాకీ దారం చాలు, బూజు గుడ్డ చాలు. మిగతాది రేపు కోర్టులో లాయరు చూసుకుంటాడు. కానీ డిటెక్టివులకు ఒక జబ్బుంది. తెలిసిన సంగతి కడుపులో దాచుకోవడం వాళ్ల వల్ల కాదు. అందులోనూ ఎదుట నిలబడి నవ్వుతున్నవాడు పాత శత్రువైతే ఆ జబ్బు ముదురుతుంది.

"ఇంకో డబ్బాతో కుట్టింది," అన్నాడు ప్రకాశరావు.

అన్న మరుక్షణమే తెలిసింది. మాట ఇంకా గాలిలో ఉండగానే దాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కోవాలనిపించింది.

వెంకటప్పయ్య కళ్లజోడు తీశాడు. ఉత్తరీయం చెంగుతో అద్దాలు మెల్లిగా తుడిచాడు. పెట్టుకున్నాడు.

"ఇంకో డబ్బాతో. అవును కదా, నాకు తట్టనే లేదు," అన్నాడు. అంటూ వరసల మధ్యనుంచి నడిచాడు. "గురువారం మధ్యాహ్నం పోయింది, బెల్లు కొట్టగానే మళ్లీ మిషను తిరిగింది. పని నడుస్తుండగా సీటులోంచి లేచే వీలు ఈ హాల్లో ఎవరికీ లేదు. అంటే కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి ఇచ్చారన్నమాట." రత్తాలు మిషను దగ్గర ఆగి, కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఇటు గోడ. గోడ ఇవ్వదు." రెండో వైపు మిషను మీద చెయ్యి వేశాడు. "ఇటు సారా."

ప్రకాశరావు అడ్డంగా తల ఊపాడు. "అదంతా మీ ఊహ," అన్నాడు. ఆ గొంతులో నమ్మదగినది ఏమీ లేదని అతనికే తెలిసింది.

"ఊహ కాదండీ, మీరు చెప్పిందే. మీ దగ్గర దాచడం ఎందుకు? ఆరుగుర్ని తీసేశాం. ఒకావిడ చెయ్యి కూడా... సరే, ఆ సంగతి వదిలేయండి. రత్తాలు వెనక మనిషిని పెట్టాం, ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. అయినా బళ్లో మీటింగులు ఆగలేదు. ప్రతి స్టేషనుకీ కబురు అందుతూనే ఉంది. ఎనిమిదో మనిషుంది, ఆ మనిషే ఇదంతా నడుపుతోంది. ఎవరో అంతుపట్టక చస్తున్నాం. డబ్బా తీయించింది నేనే. డబ్బా లేని రత్తాలుని ఎవరు ఆదుకుంటారా అని చూశాను. మా మేస్త్రీ గుడ్డోడు, పసిగట్టలేకపోయాడు. మీరైతే కనుక్కుంటారని ఓనరుగారితో నేనే అన్నాను."

గుమ్మంలో వీపు తిప్పుకుని కూర్చున్న ఆడమనిషి ప్రకాశరావు కళ్లముందు మెదిలింది. గాలి కోసం కాదు. ప్రతి ప్లాట్‌ఫారాన్నీ కాపలా కాస్తూ కూర్చుంది. అందరినీ దాచి, తను దాగి. ఇన్నాళ్లూ ఎవరికీ దొరకని మనిషి, రత్తాలు కోసం ఈ పొద్దున తన ముందు కొంగు ముడి విప్పింది.

"మొదటి ఏడుగురినీ కాఫీకి చెప్పారు మీరు," అన్నాడు వెంకటప్పయ్య. "ఎనిమిదోదానికి కాఫీ ఖర్చు కూడా లేదు. థాంక్సండి."

"వెంకటప్పయ్యగారూ! ఆవిడ మీద చెయ్యి పడిందంటే మిమ్మల్ని బోనెక్కిస్తాను."

"సాక్ష్యం ఎవరు చెబుతారండీ? సారాయేనా?"

స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. అది మద్రాసు వైపు పోయే ఏదో గూడ్సు. అయినా ప్రకాశరావు చెయ్యి దానంతటదే లేచింది, కళ్లు వాచీ మీద పడ్డాయి. తల ఎత్తేసరికి వెంకటప్పయ్య తననే చూస్తున్నాడు.

"ఓహో. సాయంత్రం బండికి వస్తోందా? మంచిదే. మాకు రేపల్లె దాకా పెట్రోలు కలిసొచ్చింది." అతను కిటికీ దగ్గరికి వెళ్లి ఆవరణలోకి చప్పట్లు కొట్టాడు. "మా వాళ్లకి పేరొకటి చెబితే చాలు. మిగతాది వాళ్లే అడిగి తెలుసుకుంటారు."

బయట జీపు స్టార్టయింది.

* * *

ప్రకాశరావు పరిగెత్తాడు. ఆ వయసులో, ఆ పొట్టతో, ఎండిన నాలుకతో పరిగెత్తాడు. రిక్షావాడెవడూ ఆగలేదు. సగం దారిలో జీపు అతన్ని దాటి వెళ్లింది. ముందు సీటులో ఎర్ర బనీను కనిపించింది.

తప్పు ఒకసారి చేసినవాడికి తెలియక చేశానని చెప్పుకునే వీలుంది. ఆ వీలు తనకు ఈ పూటతో పోయింది. మొదటిసారి నమ్మి చెప్పాడు. రెండోసారి గొప్ప కోసం చెప్పాడు. ఇదే అనుకుంటూ స్టేషను మెట్లెక్కాడు. జేబులో సారా ఇచ్చిన డబ్బా తొడకు కొట్టుకుంటోంది.

రేపల్లె పాసింజరు అప్పటికే ప్లాట్‌ఫారం మీదికి వచ్చేస్తోంది. రైల్వే పోలీసు కోసం చూశాడు. ఎవరూ లేరు. బండి దిగగానే సారా చెయ్యి పట్టుకుని అటువైపు పట్టాలు దాటించెయ్యాలి, గోడవతల నుంచి లాయరు ఇంటికి తీసుకుపోవాలి. ఆడవాళ్ల పెట్టె ఆగేచోటికి రెండడుగులు వేశాడు.

అప్పుడు వాళ్లు కనిపించారు. గేటు పక్కన ఇద్దరూ నిలబడి ఉన్నారు. పొట్టివాడు బీడీ ముట్టించుకుంటున్నాడు. ఇద్దరిలో ఒక్కడూ బండి వైపు చూడడం లేదు. ఇద్దరూ ప్రకాశరావునే చూస్తున్నారు.

అతని అడుగు ఆగిపోయింది.

వాళ్లకు సారా మొహం తెలియదు. ధనమ్మ మొహమూ తెలియకే పేరు అడిగి కొట్టారు. బండిలోంచి యాభై మంది ఆడవాళ్లు దిగుతారు. అందులో సారా ఎవరో చెప్పాలంటే ఈ ప్లాట్‌ఫారం మీద చెప్పగలిగినవాడు తనొక్కడే. తను ఎవరి దగ్గరికి నడిస్తే ఆమే సారా. ఎవరిని చూసి తల ఊపితే ఆమే సారా. వెంకటప్పయ్య తనను అడ్డుకోకుండా ఎందుకు వదిలేశాడో ఇప్పుడర్థమైంది.

ప్రకాశరావు గిరుక్కున వెనక్కి తిరిగాడు. బండికి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న పుస్తకాల కొట్టు ముందు నిలబడి, చేతికందిన వారపత్రిక ఒకటి తీసి తెరిచాడు. అక్షరాలు కనబడ్డం లేదు. సారా తనను చూడకూడదు. చూసినా పలకరించకూడదు. గుంపులో కలిసి గేటు దాటిపోతే చాలు. ఈ ఒక్కసారికి తను నోరు విప్పడు. ప్రాణం పోయినా విప్పడు.

వెనకాల తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు, పిల్లల ఏడుపులు, గంపలు దింపుతున్న కేకలు. ఆడవాళ్లు అతని పక్కనుంచి పోతున్నారు. ఒక గుంపు పోయింది. ఇంకో గుంపు పోయింది. ప్లాట్‌ఫారం పలచబడుతోంది. గేటు దగ్గర ఇద్దరూ కదలకుండా నిలబడి అతని మొహమే చూస్తున్నారు. అతను పత్రికలో పేజీ తిప్పాడు.

స్టేషన్లో ఉంటానని మాటిచ్చిన మనిషి అటు తిరిగి నిలబడి ఉంటే, నమ్మి వచ్చిన మనిషి ఏం చేస్తుంది? తను కనబడలేదేమో అనుకుంటుంది. కాస్త దగ్గరికొచ్చి, కాస్త గట్టిగా పిలుస్తుంది.

"అన్నయ్యగారూ!"

ప్రకాశరావు తిరగలేదు. పత్రిక మొహానికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"అన్నయ్యగారూ, ఇటండీ! నేనండీ, సారాని!"

పొట్టివాడు బీడీ కింద పడేశాడు. ప్రకాశరావు పత్రిక వదిలేసి వెనక్కి తిరిగేసరికే ఇద్దరూ గేటు దగ్గర్నుంచి కదిలారు.